చూడకముందే విన్న సినిమాలు

మా తరంలో పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకు సినిమా ముందు చెవిన పడి, ఆ తరవాత ఎప్పటికో కంటికి అందేది. తెనాలికీ రేపల్లెకీ నడుమ ఉన్న మా ఊరికి ఆ రోజుల్లో సొంత సినిమా హాలు లేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారం చేసే సంక్షిప్త శబ్దచిత్రం, పెళ్ళిపందిళ్ళలో మైకుసెట్టువాడు వేసే రికార్డులు, పంటలు ఇంటికి చేరాక ఊరి చివర చేలో వెలిసే డేరా నుంచి గాలివాటున వచ్చే మాటలూ పాటలూ, ఇవే మా సినిమాలు. అందువల్లనేమో, ఈనాటికీ ఏ సినిమా చూసి వచ్చినా నాకు ముందుగా జ్ఞాపకం వచ్చేది బొమ్మ కాదు. ఎవరు ఏ గొంతుతో ఏ మాట ఎలా అన్నారో, అనవలసిన చోట ఎవరు ఏమీ అనకుండా ఊరుకున్నారో, అదే నాతో ఇంటిదాకా వస్తుంది.

1957లో వచ్చిన 'మాయాబజార్' నేను పుట్టకముందు సినిమా. దాన్ని తెరమీద చూసే నాటికి రేడియోలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు మా ఇంట్లో పిల్లలందరికీ కంఠోపాఠం. వీరతాళ్ళు వేసుకోవడం, అసమదీయులూ తసమదీయులూ అని జట్లు కట్టడం మా ఆటల్లో నిత్యకృత్యం. అయితే వినికిడిని బట్టి నా మనసులో నేను కట్టుకున్న మాయాబజార్ వేరు, కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్ వేరు అని డేరాలో కూచున్న రాత్రి తెలిసింది. మాధవపెద్ది సత్యం పాడిన వివాహభోజనం పాట వింటూ నేను పెద్ద పంక్తిభోజనాన్ని ఊహించుకున్నాను: బారులు తీరిన విస్తళ్ళు, గరిటెలు పట్టుకుని తిరిగే వడ్డనగాళ్ళు, బంతిలో కూచున్న వందలాదిమంది. తీరా చూస్తే అక్కడ ఉన్నది ఎస్.వి.రంగారావు ఒక్కడే. ఆ పెళ్ళివారి వంటకాలన్నిటి మధ్యా ఆయన ఒంటరిగా కూచుని, లడ్లు వాటంతట అవే నోట్లోకి ఎగిరివస్తుంటే, తినడంలో ఉన్న సుఖమంతా ముఖానే చూపిస్తున్నాడు. రేడియోలో నేను విన్న ఆ నవ్వు ఒక గుంపుది కాదు, ఒక్క మనిషిది అని తెలియడం నాకు ఆనాడు నమ్మశక్యం కాలేదు.

'లాహిరి లాహిరి' సంగతీ అంతే. ఎస్.రాజేశ్వరరావు వరస కట్టగా తరవాత ఘంటసాల చేతికి వచ్చిన ఆ పాట వింటుంటే ఇద్దరు ప్రేమికులు వెన్నెట్లో పడవెక్కారని మాత్రమే అర్థమయ్యేది. అభిమన్యుడూ శశిరేఖా సాగించిన ఆ విహారంలోకి కృష్ణుడూ రుక్మిణీ వచ్చి చేరడం, వారి వెనకాల బలరాముడూ రేవతీ రావడం, పెద్దలూ పిల్లలూ ఒకరినుంచి ఒకరు తప్పుకోవడం, ఆ హాస్యంలో ఒక్క ముక్కా పాటలో లేదు, అంతా బొమ్మలోనే ఉంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెల గురించి సినిమా తెలిసినవాళ్ళు చాలా చెప్పారు. నాకైతే ఆ వెన్నెలకంటె ఆ తప్పుకోవడాలే ఎక్కువ నచ్చాయి. ఇక 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గొంతు ఎందుకు వచ్చిపడుతుందో ఏళ్ళ తరబడి నాకు అంతుపట్టని సమస్య. సావిత్రి ఒంట్లో ఘటోత్కచుడు ఉన్నాడనీ, పెళ్ళికూతురు సిగ్గుపడుతూనే మధ్యలో ఒళ్ళు మరిచి రాక్షసుడి నడక నడుస్తుందనీ కళ్ళారా చూశాక, ఒక నటి ఒంటిమీద ఇంకొక నటుడి ఒళ్ళు ఇలా ఎక్కి దిగడం సాధ్యమేనా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆ పాట చూసినప్పుడల్లా నా నోరు ఈనాటికీ అలాగే తెరుచుకుంటుంది.

డేరా సినిమాలో ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా విరామమే. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల పాడిన 'నమో వేంకటేశా' రికార్డు వేసేవారు. అది చెవిన పడగానే ఊళ్ళో ఆడవాళ్ళు గబగబా వంటిల్లు సర్దుకుని, చంటిపిల్లలను చంకనెత్తుకుని బయల్దేరేవారు. పడమటి గాలి వీచే రాత్రుళ్ళు మా అరుగు మీదికి సినిమా అంతా వినబడేది. గాలి మళ్ళితే సగం మాట మాకు దక్కి, మిగతా సగం కాలవ అవతలి ఊరికి పోయేది. దాని అడుగున జనరేటరు చప్పుడు ఎడతెగకుండా ఉండేది. ఎంత గొప్ప విషాద ఘట్టమైనా ఆ ఇంజను శబ్దం శ్రుతి పట్టవలసిందే.

మా నాయనమ్మకు అప్పటికే కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషను మాట ఎత్తితే ఒప్పుకునేది కాదు, సినిమా మాత్రం మానేది కాదు. ఆడవాళ్ళ వైపు నేలమీద చాప పరుచుకుని, పక్కన నన్ను కూచోబెట్టుకుని, తెరమీద జరుగుతున్నది చెప్పమనేది. మొదట్లో నేను పాత్రలు అంటున్న మాటలనే తిరిగి ఆమెకు అప్పజెప్పేవాణ్ణి. "అది నాకూ వినపడతానే ఉందిలేరా, వినపడందేదో అది చెప్పు" అని ఒకనాడు కసిరింది. దాంతో నా పని ఒక్కసారిగా కష్టమైపోయింది. ఎవరు ఎవరివంక చూస్తున్నారు, ఎవరు చూడనట్టు నటిస్తున్నారు, మాట్లాడుతున్న మనిషి చేతులు ఏం చేస్తున్నాయి, వింటున్న మనిషి ముఖం ఎలా ఉంది, ఇవన్నీ గమనించి, తరవాతి మాట మొదలయ్యేలోపల చెప్పి ముగించాలి. రామారావు నవ్వాడని చెబితే ఆమెకు చాలేది కాదు; పైకి నవ్వాడా, లోపల్లోపలే నవ్వుకున్నాడా అని అడిగేది. కృష్ణుడి వేషంలో ఆయన నవ్వేదంతా ఆ రెండో రకమే కాబట్టి, అక్కడ మాత్రం నాకు తడుముకోవలసిన పని ఉండేది కాదు.

'గుండమ్మ కథ' (1962) మా ఊరికి ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా, గీతలు పడి, అక్కడక్కడ అతుకులు వేసిన ప్రింటుతో వచ్చింది. సూర్యకాంతం గొంతుకు వ్యాఖ్యానం ఏమీ అక్కరలేదు. ఆ గొంతు వినిపిస్తే డేరా అంతా సర్దుకుని కూచునేది. నాయనమ్మకు నేను చెప్పవలసి వచ్చింది ఆమె ఎడమచేయి గురించి. ఎదుటివాళ్ళను తీసిపారేసేటప్పుడు ఆ చేయి గాలిలో ఒక చుట్టు తిరుగుతుంది, మాట ముగిసిన తరవాత కూడా తిట్టు ముగియలేదన్నట్టు ఉంటుంది. అది చెప్పగానే నాయనమ్మ చీకట్లో తన ఎడమచేయి అలాగే తిప్పి చూసుకుని, ఊళ్ళో ఒకావిడ పేరు చెప్పి, "అచ్చం దాని మాదిరే" అని నవ్వింది. ఆ ఒకావిడ మా వెనక వరసలోనే ఉందన్న సంగతి కూడా నేనే చెప్పవలసి వచ్చింది.

1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు' వేళకు పరిస్థితి కొంత మారింది. రావుగోపాలరావు కాంట్రాక్టరు మాటలు పాటలతో సమానంగా మైకుసెట్లలో వినిపించేవి. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన ఆ గోదావరి మాటలను గుంటూరు జిల్లాలో మేము యాసతో సహా అనుకరించే ప్రయత్నం చేసేవాళ్ళం. తీరా తెనాలిలో ఆ సినిమా చూసినప్పుడు నన్ను పట్టుకున్నది ఆ మాటలు కావు. కె.వి.మహదేవన్ సంగీతంలో సజ్జాద్ హుస్సేన్ వాయించిన మాండొలిన్. మాట లేని చోట్ల, కథానాయిక ఒంటరిగా ఉన్న చోట్ల, అది సన్నగా మొదలై సన్నగానే ఆగిపోతుంది. ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చిన సినిమా అది. తెల్లవారుజాము వెలుతురు, వాకిళ్ళు, ఏటి ఒడ్డు ఎంతో అందంగా ఉంటాయి. అయినా బాపు ఆ బొమ్మల అందాన్ని మాటలతో పాడుచేయకుండా ఒక వాద్యానికి ఒప్పజెప్పడమే ఆ సినిమాలోని పెద్ద విశేషమని నా అభిప్రాయం. జనం మాత్రం కాంట్రాక్టరునే గుర్తు పెట్టుకున్నారు. అందులో వాళ్ళ తప్పు కూడా ఏమీ లేదు.

నాయనమ్మను నేను చివరిసారి తీసుకువెళ్ళిన సినిమా 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు హాళ్ళు ఖాళీగా ఉన్నాయని విన్నాం. మేము వెళ్ళేసరికి తెనాలిలో టికెట్టు దొరకడమే కష్టంగా ఉంది. సంగీతం అంతగా తెలియని మనుషులతో నిండిన హాలు అది. కె.విశ్వనాథ్ ఆ మనుషుల మధ్య త్యాగరాజునూ సదాశివబ్రహ్మేంద్రులనూ కూచోబెట్టాడు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం చేత, మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి సాధన చేయించి, ఆ పాటలు పాడించాడన్న సంగతి నాకు చాలా కాలం తరవాత తెలిసింది. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసిన జె.వి.సోమయాజులు నోట ఆ గొంతు ఎంత సహజంగా ఇమిడిపోయిందంటే, శంకరశాస్త్రి వేరు, పాడినవాడు వేరు అని నాయనమ్మ ఆఖరివరకూ ఒప్పుకోలేదు.

అయితే ఆమె నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది శాస్త్రి గురించి కాదు. "ఆ పిల్ల నోరు తెరవదేందిరా?" అని. మంజుభార్గవి వేసిన తులసి పాత్రకు ఆ సినిమాలో మాటలు బహు తక్కువ. చూపు ఉన్నవాళ్ళకు ఆ పాత్ర అంతటా కనిపిస్తుంది. చూపు లేని మనిషికి ఆ పాత్ర ఉన్నట్టే తెలియదు. అందుచేత ఆ మూడు గంటల్లో నేను చేసిన వ్యాఖ్యానమంతా తులసిదే అయింది: ఇప్పుడు దూరంగా నిలబడి వింటోంది, ఇప్పుడు కాళ్ళకు మొక్కింది, ఇప్పుడు మాట్లాడబోయి ఆగింది. ఆఖరి కచేరీలో శాస్త్రి గొంతు ఆగిపోయి, పక్కనుంచి చిన్నపిల్లవాడి గొంతు ఆ పాటను అందుకున్నప్పుడు మాత్రం నేను ఏమీ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ సినిమాకు ఉత్తమ సంగీతానికి, గాయకుడికి, గాయని వాణీ జయరామ్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మాటలు లేని పాత్రకు పురస్కారం ఇచ్చే పద్ధతి ఉంటే బాగుండేదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. విశ్వనాథ్ 2023లో సరిగ్గా ఆ ఫిబ్రవరి 2నే కన్నుమూశారు. రెండు రోజుల తేడాతో వాణీ జయరామ్ కూడా వెళ్ళిపోయారు. ఆ వారమంతా ఇంట్లో వేరే పాట పెట్టలేదు.

గొంతుల మీద ధ్యాస ఉన్నవాడికి ఎనభై, తొంభైల సినిమాలు ఒక చిత్రమైన ఇబ్బంది తెచ్చిపెట్టాయి. తెరమీద ముఖాలు మారుతున్నా గొంతులు మారేవి కావు. విజయశాంతి మాట్లాడుతుంటే నాకు సరిత వినిపించేది. రాజశేఖర్ కోపగిస్తే సాయికుమార్ కనిపించేవాడు. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా ఊరూరా జనం చేత చేతులెత్తి మొక్కించుకున్న రోజారమణి, పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతు అరువిచ్చింది. పేర్లు పడేటప్పుడు ఈ గొంతుల పేర్లు వెతకడం నాకు అలవాటైపోయింది. చాలాసార్లు అవి ఉండేవి కావు. నాకు ఈ విషయంలో పరిశ్రమ మీద కొంత కోపం ఉంది. సగం నటన చేసినవాళ్ళను చీకట్లో ఉంచడం ఏ విధంగానూ మర్యాద కాదు.

అప్పటికి ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చేశాను. 1989 అక్టోబరులో 'శివ' విడుదలైన వారంలోనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూశాను. సైకిలు చైను గురించి అందరూ మాట్లాడుకున్నారు. ఆ చైనును లాగడానికి ముందున్న నిశ్శబ్దం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. అంతకుముందు సినిమాల్లో కొట్టుకోవడమంటే ఒకే రకం దెబ్బ చప్పుడు, దాని మీద వాద్యబృందం అంతా ఒక్కసారిగా విరుచుకుపడడం. ఇక్కడ పరుగెత్తే మనిషి అడుగులూ, ఊపిరీ వినిపించాయి. ఇళయరాజా సంగీతం ఎప్పుడు తగ్గాలో తెలిసి తగ్గింది. నాయనమ్మ బతికి ఉంటే ఈ సినిమాను దాదాపు నా సాయం లేకుండానే చూసి ఉండేది.

ఇక పాతవాటికి కొత్త రంగులు వేయడం గురించి. 2010 జనవరిలో 'మాయాబజార్' రంగుల్లో వచ్చినప్పుడు మా పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను. రంగులు నన్ను అంతగా నొప్పించలేదు, అంతగా మెప్పించనూ లేదు. బార్‌ట్లే వెన్నెలకు రంగు అక్కరలేదని మాత్రం గట్టిగా అనిపించింది. శబ్దాన్ని మాత్రం శుభ్రం చేసి నాలుగు వైపులనుంచీ వినిపించారు. సి.ఎస్.ఆర్. శకుని మాటల్లో చివర్న ఉండే ఆ చిన్న వెటకారపు దీర్ఘం, రమణారెడ్డి గొంతులోని జీర, ఆ పూట మొదటిసారి పూర్తిగా విన్నాను. మూడు, నాలుగేళ్ళుగా నడుస్తున్న పునర్విడుదలల సంబరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2022లో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనల తరవాత ఊపందుకున్న ఈ ఆటలకు నేనూ వెళ్ళాను. ప్రతి మాటనూ నటుడికంటె ముందే హాలంతా అరుస్తుంది; కాగితాలు ఎగురుతాయి; సినిమా ఆడుతోందన్న సంగతే ఎవరికీ పట్టదు. కుర్రవాళ్ళ సంతోషాన్ని కాదనను. వాళ్ళు వచ్చింది సినిమా వినడానికి కాదు, తమకు కంఠోపాఠమైందని ఒకరికొకరు చెప్పుకోవడానికి. 2025 మేలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం, 1990లో తుఫాను రోజునే విడుదలైన ఆ సినిమాను అప్పట్లో వానలో తడిసి చూసిన నా ఈడు వాళ్ళు కొందరు పక్క వరసలో కనిపించారు. అక్కడ అరుపులు కాస్త తక్కువగా ఉన్నాయి.

2018 ఒక్క ఏడాదే నా చెవులకు మూడు మంచి సినిమాలు ఇచ్చింది. 'రంగస్థలం'లో చిట్టిబాబుకు సరిగా వినబడదు. తనకు శబ్దం కనబడుతుందని అతను గొప్పగా చెప్పుకుంటాడు, చూసేవాళ్ళు నవ్వుకుంటారు. అన్న చివరిఘడియల్లో చెప్పబోయిన మాట ఆ తమ్ముడి చెవికి అందకపోయినప్పుడు, అంతసేపూ నవ్వించిన లోపమే కథను ఎటు తిప్పిందో తెలిసి ఒళ్ళు జలదరించింది. సుకుమార్ సినిమాలన్నీ నాకు నచ్చవు. ఇది మాత్రం నచ్చింది. 'మహానటి'లో కీర్తి సురేశ్ తన గొంతుతోనే మాట్లాడింది, సావిత్రి గొంతును అనుకరించబోలేదు. నడకా, చూపూ సావిత్రివి, గొంతు తనది. అది సరైన నిర్ణయమని నాకు తోచింది, ఎందుకంటే అనుకరించి ఉంటే మా వంటివాళ్ళం సినిమా పొడుగునా తప్పులు వెతుకుతూ కూచునేవాళ్ళం. మూడోది వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'. విశాఖలో ఆ పేటలో ఉండేవాళ్ళే చాలామంది నటించిన సినిమా అది. అంతవరకూ ఉత్తరాంధ్ర యాస అంటే హాస్యగాడి నోట రెండు నిమిషాలు వినిపించి వెళ్ళిపోయేది. ఇక్కడ ఆ మాటలతోనే ప్రేమించారు, ఏడ్చారు, దేవుణ్ణి నిలదీశారు.

తెలంగాణ మాటకు కూడా తెరమీద ఆ గౌరవం ఆలస్యంగానే దక్కింది. రౌడీలకూ, నవ్వించేవాళ్ళకూ కట్టబెట్టిన ఆ మాటను 2017లో 'ఫిదా' కథానాయిక నోట పెట్టింది. బాన్సువాడ అమ్మాయి భానుమతిగా సాయిపల్లవి సొంత గొంతుతో మాట్లాడుతుంటే హైదరాబాదు హాల్లో నా చుట్టూ కూచున్నవాళ్ళ మొహాల్లో కనిపించిన సంతోషాన్ని నేను తెరకంటె ఎక్కువసేపు చూశాను. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' ఇంకా ముందుకు వెళ్ళింది. వేణు ఎల్దండి ఆ కథను ఒక ముసలాయన చావు చుట్టూ, పిండం ముట్టని కాకి చుట్టూ కట్టాడు. చివర్న మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుర్రకథ ఫక్కీలో పాట అందుకుంటారు. అది సినిమా పాటగా వినిపించదు, చావింటి ముందు మనం కూచుని విన్న పాటగానే వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఊరి నడిమధ్యన తెరలు కట్టి జనం ఆ సినిమాను కలిసి చూశారు, పాత పగలు గుర్తు చేసుకుని ఏడ్చారు. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు.

మరి నా సొంత మాట? అది నాకు హాల్లో దొరకలేదు. కరోనా రోజుల్లో, 2020 నవంబరులో, 'మిడిల్ క్లాస్ మెలోడీస్' అనే చిన్న సినిమా నేరుగా ఓటీటీలో వచ్చింది. గుంటూరులో హోటలు పెట్టి తన బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకునే కుర్రవాడి కథ. వాళ్ళ ఊరు కొలకలూరు, అంటే తెనాలి పక్కనే. కథ మహా గొప్పదేమీ కాదు, నడుమ కొంత సాగుతుంది కూడా. కాని ఆ కుర్రవాడి తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ నోరు విప్పగానే నేను కుర్చీలో నిటారుగా కూచున్నాను. అరవకుండా ఏ మాటా అనలేని, ఆప్యాయతను కూడా తిట్టుగానే చెప్పగల మా వైపు తండ్రి గొంతు అది. ఎన్ని సినిమాల్లో కృష్ణా, గుంటూరు మాటను అందరి మాటగా చలామణి చేశారో లెక్క లేదు, అయినా మా అరుగుల మీద వినిపించే అసలు మాట ఇంతవరకూ అందులో లేదని ఆ పూట తెలిసింది. లోపలి గదిలో ఉన్న మా ఆవిడ, ఊరినుంచి మా బాబాయి వచ్చాడనుకుని, ఈ రోగాల రోజుల్లో ఈయన ఎలా వచ్చాడా అని కంగారుపడుతూ బయటికి వచ్చింది. టీవీలో కొండలరావు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆమె కూడా కూచుని మిగతా సినిమా చూసింది, అక్కడక్కడ ఆయనకు ఎదురు సమాధానాలు కూడా చెప్పింది.

ఆ సినిమాకు హాలు దక్కకపోవడం నాకు ఇప్పటికీ తీరని లోటుగానే ఉంది. తెనాలిలో, నిండుగా ఉన్న హాల్లో, ఆ తండ్రి నోటివెంట వచ్చే ప్రతి తిట్టుకూ తమ ఇళ్ళలోని పెద్దలను తలుచుకుని నవ్వే మా వైపు జనం మధ్య కూచుని దాన్ని వినాలని ఉంది. పునర్విడుదలలు చేసేవాళ్ళెవరైనా ఈ మాట వింటే, కాగితాలు వద్దు, కేకలు కూడా వద్దు, ఒక్క ఆదివారం మొదటి ఆట వేస్తే చాలు.